వేలూరులో ఎనభై రోజులు

ఊరు చూడాలని వెళ్ళేవాళ్ళు కొందరు, ఊళ్ళో ఉండవలసివచ్చి చూసేవాళ్ళు కొందరు. వేలూరుకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది రెండో రకం వాళ్ళే. తిరుపతికి మొక్కుబడి చెల్లించడానికి వెళతారు. చెన్నపట్నానికి బేరాలకో, పెళ్ళి చీరలకో వెళతారు. ఊటీకి చల్లగాలికి వెళతారు. వేలూరుకు మాత్రం ఎవరూ సరదాపడి బయలుదేరరు. మా రాయలసీమలో "ఫలానా వాళ్ళను వేలూరు తీసుకుపోయినారంట" అంటే చాలు, అరుగు మీద కూర్చున్న నలుగురూ గొంతు తగ్గిస్తారు. ఆ మాటలో భయమూ ఉన్నది, ఆశా ఉన్నది. ఇక్కడ కుదరనిది అక్కడ కుదురుతుందేమో అనే ఆశ.

రైలులో వచ్చేవాళ్ళు దిగేది వేలూరులో కాదు, కాట్పాడిలో. తిరుపతి నుంచి పాకాల, చిత్తూరు మీదుగా వచ్చే దారీ, చెన్నపట్నం నుంచి బెంగుళూరు వైపు పోయే పెద్దదారీ అక్కడ కలుస్తాయి. వంగదేశం నుంచి, అస్సాం నుంచి, జార్ఖండు నుంచి రెండు రాత్రులు ప్రయాణం చేసి వచ్చిన వాళ్ళు అక్కడ దిగుతారు. ఒక చేతిలో మంచినీళ్ళ సీసా, ఒక చేతిలో కాగితాల సంచి. ఆ సంచిని బంగారం మూటలాగా గుండెకు అదుముకుని ఉంటారు. ఆటోవాళ్ళు "ఎక్కడికి సార్?" అని అడగరు. "సీయెంసీ?" అంటారు. అక్కడ దిగినవాడు ఇంకెక్కడికి పోతాడు?

వేలూరు గురించి ఆ ఊరివాళ్ళే వేళాకోళంగా చెప్పుకునే మాట ఒకటున్నది. దేవుడు లేని గుడి, నీళ్ళు లేని ఏరు, చెట్లు లేని కొండ, రాజు లేని కోట. ఇవన్నీ ఉన్న ఊరు మాది అంటారు. పాలారు పేరుకే పాలారు. వంతెన మీద నుంచి చూస్తే ఏడాదిలో చాలాకాలం ఇసుకే కనిపిస్తుంది. కొండలు బోడిగా, ఎండకు కాగిన పెనాల్లాగా ఉంటాయి. కోటలో రాజు ఎన్నడో పోయినాడు. దేవుడి సంగతి తరవాత చెబుతాను. ఆ కథ వేరు.

నేను వేలూరు వెళ్ళింది 2017 జనవరి 24న. మాది కడప. అక్కడ ఒక కళాశాలలో తెలుగు చెబుతాను. ఆ సంక్రాంతికి మా పాపకు ఆరేళ్ళు నిండి ఏడు నడుస్తున్నది. పండగ మూడు రోజులూ వీధిలో ముగ్గుల చుట్టూ తిరిగిన పిల్ల, కనుమ మర్నాడు తలనొప్పి అన్నది. కాస్త ఒళ్ళు వెచ్చబడింది. రెండు రోజుల్లో జ్వరం తగ్గింది గాని పిల్ల మారిపోయింది. రాత్రంతా నిద్రపోదు. ఉన్నట్టుండి నవ్వుతుంది, ఉన్నట్టుండి గోడవైపు చూసి కెవ్వుమంటుంది. వాళ్ళమ్మను చూసి "నువ్వెవరు?" అన్నది. ఒక వైద్యుడికి చూపిస్తే, బడిలో ఎవరో భయపెట్టి ఉంటారన్నాడు, నిద్రమందు రాసిచ్చాడు. వీధిలో పెద్దవాళ్ళు గాలి సోకిందన్నారు. మా అమ్మ పెద్ద దర్గాకు వెళ్ళి తాయెత్తు తెచ్చి కట్టింది. మా ఊళ్ళో హిందువులకూ ముస్లిములకూ కష్టమొస్తే ఆ దర్గా ఒకటే దిక్కు. నాలుగోనాడు ఎడమచెయ్యి కొట్టుకోవడం మొదలయ్యి మూర్ఛ వచ్చింది. ఆ తరవాత మాట పడిపోయింది. పెదవులు మాత్రం ఏదో నములుతున్నట్టు ఆగకుండా ఆడేవి. అప్పుడు ఇంకొక డాక్టరు చూసి, ఒక్క నిమిషం కూడా తడుముకోకుండా, "ఇది మెదడుకు వచ్చిన జబ్బు. ఇవాళే వేలూరు బయలుదేరండి" అన్నాడు. రాయచోటి, పీలేరు, చిత్తూరు మీదుగా ఆంబులెన్సులో వెళ్ళాము. దారిపొడుగునా మా ఆవిడ పాప చెవిలో పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నది. పిల్ల కళ్ళు తెరిచే ఉన్నది. కాని చూడడం లేదు.

ఆసుపత్రిలో మొదటి పది రోజులు నాకు ఒక్కరోజులాగా గుర్తున్నవి. మెదడువాపు అనే మాట మన తెలుగువాళ్ళకు కొత్తది కాదు. దోమకాటు వల్ల వచ్చే జపనీసు మెదడువాపును మన దేశంలో మనుషుల్లో మొట్టమొదట గుర్తించినది ఈ వేలూరు ప్రాంతంలోనే, 1955లో. 2003 వేసవి చివర మన కరీంనగరు, వరంగల్లు వైపు పిల్లలను కబళించినది మరొకటి, చాందీపుర వైరసు. మూడు నెలల లోపల 329 మంది పిల్లలు జబ్బుపడితే 183 మంది దక్కలేదు. ఈ లెక్కలు నాకు ఎప్పుడో పత్రికల్లో చదివి గుర్తున్నవి. అందుకని డాక్టరమ్మ 'ఎన్సెఫలైటిస్' అనగానే నా కాళ్ళు చల్లబడ్డాయి.

కాని మెదడువాపు ఒక్క జబ్బు కాదట. డజన్ల కొద్దీ కారణాలున్నాయి. హెర్పిసు వైరసు వల్ల వచ్చేది అయితే ఆలస్యం పనికిరాదు గనక, ఏదీ తేలకముందే దానికి మందు ఎక్కించడం మొదలుపెట్టారు. తలకు వైర్లు అంటించి మెదడులోని విద్యుత్తును గీతలు గీశారు. తల లోపలి బొమ్మ తీశారు. బొమ్మలో ఏమీ కనిపించలేదు. వెన్నులోంచి నీరు తీసి పరీక్షకు పంపారు. ఆ నీటిలో దొరికింది జవాబు.

డాక్టరమ్మ నన్నూ మా ఆవిడనూ కూర్చోబెట్టి చెప్పిన సంగతి ఇది. ఒంట్లో రోగాలతో పోరాడడానికి ఉన్న సైన్యం ఒక్కొక్కప్పుడు పొరబడి సొంత ఇంటి మీదనే పడుతుంది. మా పాప విషయంలో అది మెదడు కణాల మీద ఉండే ఎన్.ఎమ్.డి.ఎ. రిసెప్టర్ల మీద పడింది. మాట, జ్ఞాపకం, నిద్ర, నడక అన్నీ ఆ వాకిళ్ళ గుండానే జరగాలి. ఆ వాకిళ్ళు ఒక్కొక్కటే లోపలికి లాగబడి మూసుకుపోతున్నవి. 2007లో జోసెఫ్ డాల్మావ్ అనే వైద్యుడూ, ఆయన సహచరులూ ఈ జబ్బును గుర్తించి పేరుపెట్టారు. అంతకు ముందు ఇలాంటి పిల్లలను పిచ్చి అన్నారు, దయ్యం అన్నారు, ఏమీ తెలియని మెదడువాపు అని రాసి పెట్టారు.

"మరి తగ్గుతుందా అమ్మా?" అని అడిగింది మా ఆవిడ.

"కణాలు చచ్చిపోలేదమ్మా. ఇల్లు ఉన్నది, తలుపులు మూసుకున్నవి. ఆ దాడిని ఆపితే తలుపులు మళ్ళీ తెరుచుకుంటాయి. అయితే ఒక్కరోజులో కాదు, ఒక్కనెలలో కాదు. వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాలి. చివర పోయింది ముందు వస్తుంది, ముందు పోయింది చివర వస్తుంది" అన్నదావిడ. ఆ మాటల్లో ఓదార్పు కోసం కలిపిన అబద్ధం ఒక్కటీ లేదని తరవాత నాకు తెలిసింది. 2013లో 577 మంది రోగులను పరిశీలించి రాసిన దాంట్లో, రెండేళ్ళు గడిచేసరికి నూటికి 81 మంది తమ పనులు తాము చేసుకునే స్థితికి వచ్చారని ఉన్నది. వాళ్ళలో మూడోవంతుకు పైగా పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళే.

స్టిరాయిడ్లు ఇచ్చారు. ఇమ్యునోగ్లోబ్యులిన్ అని సీసాలు ఎక్కించారు. ఒక్కొక్క సీసా ఖరీదు వేలల్లో. ప్రావిడెంటు ఫండు మీద అప్పు తీసుకున్నాను. ఆ మందు వేలమంది దానమిచ్చిన నెత్తురు లోంచి తీసి తయారుచేస్తారట. అది వినగానే, పొద్దున లేచి ముక్కూ మొహమూ తెలియని ఆ వేలమందికి దణ్ణం పెట్టుకోవడం మొదలుపెట్టింది మా ఆవిడ. అది చాలకపోతే మరొక మందు, రిటక్సిమాబ్. అదీ ఇచ్చారు.

వార్డులో పిల్ల దగ్గర ఒక్కరే ఉండాలి. ఉండవలసింది తల్లి. ఇక తండ్రికి మిగిలింది వీధి. పొద్దున టిఫినుకారియరు అందించి రావాలి, మధ్యాహ్నం మందుల చీటీ పట్టుకుని వరసలో నిలబడాలి, సాయంత్రం చూసే వేళకు మెట్లు ఎక్కాలి. మిగిలిన గంటలన్నీ వేలూరు వీధులవే. నాకు ఈ ఊరు తెలిసింది అలాగే.

ఆసుపత్రి ఎదుట ఉన్న రోడ్డు పేరు ఐడా స్కడర్ రోడ్డు. ఆమె కథ ఊళ్ళో చాలామందికి తెలుసు. తండ్రి వైద్యుడు, అమెరికా మిషనరీ. జబ్బుపడిన తల్లిని చూసుకోవడానికి 1890 ప్రాంతంలో వచ్చిన పడుచు. ఈ దేశంలో ఉండిపోవాలనే కోరిక ఏమాత్రం లేదు. తిండివనంలో ఒక రాత్రి ముగ్గురు మగవాళ్ళు, ఒకరి తరవాత ఒకరు వచ్చి తలుపు తట్టారు. ముగ్గురి ఇళ్ళల్లోనూ భార్యలు పురుడు రాక కొట్టుకుంటున్నారు. మా నాన్న వైద్యుడు, ఆయన వస్తాడు అన్నది ఈమె. పరాయి మగవాడు చెయ్యివేయడానికి వీల్లేదన్నారు ముగ్గురూ. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్ళూ చనిపోయారు. ఐడా వెళ్ళి 1899లో వైద్యం చదువు ముగించుకుని, 1900లో వేలూరులో ఒక్క మంచంతో మొదలుపెట్టింది. రెండేళ్ళకు అది నలభై పడకల ఆసుపత్రి అయింది. 1918లో ఆడపిల్లలకు వైద్య పాఠశాల పెట్టింది. మగపిల్లలకు ప్రవేశం దొరికింది 1947లో! మన దేశంలో మెదడు శస్త్రవైద్యానికి ఒక విభాగం మొదటిసారి ఏర్పడినది కూడా ఇక్కడే. 1949లో డాక్టర్ జాకబ్ చాండీ ప్రారంభించాడు. నేను చీటీ పట్టుకుని నిలబడిన వరస వెనక ఇంత కథ ఉన్నదన్నమాట.

రోడ్డు దాటితే బాబూరావు వీధి, గాంధీరోడ్డు, వాటి మధ్య సందులు. ఏ సందులో చూసినా లాడ్జీలు. తమిళదేశంలో ఉన్నామా, కలకత్తాలో ఉన్నామా అని అనుమానం వస్తుంది. బోర్డులన్నీ వంగలిపిలో ఉంటాయి. పూటకూళ్ళ ఇళ్ళల్లో చేపలపులుసూ అన్నమూ, దుకాణాల్లో మరమరాలూ ఆవనూనె సీసాలూ. పొయ్యీ గిన్నెలూ రోజు అద్దెకు దొరుకుతాయి. లాడ్జీలో దిగినవాడు మొదటిరోజు హోటలుకు పోతాడు. మూడోరోజు పొయ్యి అద్దెకు తెచ్చుకుంటాడు. వారం దాటితే కూరగాయలవాడికి పేరుతో సహా తెలిసిపోతాడు. నేతాజీ మార్కెట్టులో ముళ్ళ వంకాయలు బుట్టల్లో పోసి అమ్ముతుంటే నేనూ బేరం చేశాను. తొడిమకు చిన్నచిన్న ముళ్ళుంటాయి. గుత్తివంకాయకు ఎంత బాగుంటాయో చెప్పలేను. అటువంటి రోజుల్లో కూడా వంకాయ రుచి తెలిసిందా అని మీరు అడగవచ్చు. తెలుస్తుంది. వార్డులో పదిహేనుగంటలు కూర్చున్న మనిషికి వేడన్నంలో కూర కలిపి పెట్టడం ఒక్కటే నా చేతిలో ఉన్న వైద్యం.

మా పక్కగదిలో బర్దవాను వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ఉండేవాడు. కొడుకు తలలో గడ్డకు శస్త్రం జరిగింది. ఆయనకు తెలుగు రాదు, నాకు వంగభాష రాదు. ఇద్దరి హిందీ ఒకేపాటిది. ఆ కాగితాల సంచి సర్దుకోవడం నాకు నేర్పింది ఆయనే. ఆసుపత్రి నంబరు పైన, రసీదులు వెనక, పరీక్షల కాగితాలు తేదీల వారీగా. ఎదుటిగదిలో పుంగనూరు నుంచి వచ్చిన తల్లీకూతుళ్ళు. కింద లాడ్జీ గుమాస్తా తమిళుడైనా గడగడ తెలుగు మాట్లాడేవాడు.

కొన్నాళ్ళకు ఒక సంగతి గమనించాను. మా ఊరి నుంచి ఫోను చేసే బంధువులందరూ ఒకటే అడిగేవాళ్ళు: "ఎప్పటికి తగ్గుతుందన్నారు? ఎప్పుడొస్తారు?" అడగడం ప్రేమతోనే. కాని ఆ ప్రశ్నకు జవాబు లేదు. జవాబు లేని ప్రశ్న రోజుకు పదిసార్లు వింటే మనిషి లోపల ఏదో అరిగిపోతుంది. మా ఆవిడ చివరికి ఫోను ఎత్తడమే మానేసింది. వేలూరు సందుల్లో మాత్రం ఆ ప్రశ్న ఎవరూ వేయరు. బర్దవాను ఆయన మెట్ల మీద ఎదురైతే, "ఇవాళ ఏమిటి?" అనేవాడు. గుమాస్తా "ఇవాళ పాప కళ్ళు తిప్పిందా సార్?" అనేవాడు. కూరగాయలవాడు కూడా అంతే. ఎన్నో ఏళ్ళుగా రోగుల మధ్య బతికి ఆ ఊరు నేర్చుకున్న మర్యాద అది. నిన్నటి గురించి అడిగితే ఏడుపొస్తుంది, రేపటి గురించి అడిగితే భయమేస్తుంది. ఇవాళ గురించి అయితే చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. "ఇవాళ మూర్ఛ రాలేదు." "ఇవాళ పెదవులు కాస్త తక్కువగా ఆడుతున్నవి." "ఇవాళ రాత్రి నాలుగు గంటలు నిద్రపోయింది." నేను చెప్పేవాణ్ణి, ఆయన తనది చెప్పేవాడు. ఆ రెండు వాక్యాలతో ఒకరోజు గట్టెక్కేది.

సాయంత్రం ఆసుపత్రి నుంచి నడుచుకుంటూ కోటకు వెళ్ళేవాణ్ణి. పదహారో శతాబ్దంలో విజయనగర రాజుల కింద చినబొమ్మ నాయకుడి కాలంలో లేచిన కోట. నల్లరాతి గోడలు, చుట్టూ నీళ్ళు నిండిన అగడ్త. ఊళ్ళో ఏట్లో లేని నీళ్ళు ఇక్కడున్నాయి. అప్పయ్య దీక్షితులకు కనకాభిషేకం చేసినవాడు ఈ బొమ్మనాయకుడే. తళ్ళికోట తరవాత చితికిపోయిన మన రాయలు పెనుగొండ, చంద్రగిరి దాటుకుంటూ వచ్చి చివర తలదాచుకున్నది ఈ గోడల మధ్యనే. తెలుగు చదువుకున్నవాడికి అక్కడ నడుస్తుంటే ఆ సంగతి మనసులో మెదలకుండా ఉండదు. శ్రీరంగపట్నం పడ్డాక టిప్పు కుటుంబాన్ని ఇక్కడ ఉంచారు. 1806 జూలై 10న సిపాయిలు తిరగబడ్డదీ ఇక్కడే. 1815లో పట్టుబడిన కండి రాజు ఇక్కడికే వచ్చి, ఇక్కడే 1832లో కన్నుమూశాడు. చూడబోతే ఈ కోటలో ఎదురుచూడనివాళ్ళు లేరు.

ఫిబ్రవరిలో మా అమ్మ కడప నుంచి వచ్చింది. ఐదు రోజులు పిల్లను చూసి ఏమీ మాట్లాడలేదు. పిల్ల ముక్కులో గొట్టం, చేతికి సూదులు. దర్గా తాయెత్తు ఉన్న చెయ్యి పట్టుకుని కూర్చునేది. నర్సమ్మలు ఆ తాయెత్తు విప్పమనలేదు. సూదికి అడ్డం వస్తే కాస్త పైకి జరిపేవాళ్ళు, అంతే. శివరాత్రి నాడు, ఫిబ్రవరి 24న, కోటలో గుడికి వెళదామన్నది. తీసుకువెళ్ళాను.

అది జలకంఠేశ్వరుడి గుడి. కళ్యాణమంటపం స్తంభాల మీద యాళులూ, గుర్రపు రౌతులూ రాయిలో చెక్కినట్టుండవు, మైనంలో ఒత్తినట్టుంటాయి. ఆ సాయంత్రం కాలు పెట్టడానికి సందు లేదు. వరసలో నిలబడి అమ్మకు ఆ గుడి కథ చెప్పాను. యుద్ధాల కాలంలో దేవుణ్ణి ఇక్కడి నుంచి తరలించారు. అప్పటి నుంచి సుమారు నాలుగువందల ఏళ్ళు ఈ గుడిలో పూజ లేదు. దొరల కాలంలో ఆయుధాల కొట్టుగా వాడుకున్నారు. దేవుడు లేని గుడి అని ఊరంతా వేళాకోళం చేశారు. 1981లో మళ్ళీ లింగాన్ని తెచ్చి ప్రతిష్ఠించారు.

అమ్మ చాలాసేపు ఊరుకుని, "సామి లేకపోతే ఏమైంది నాయనా, గుడి పడిపోలేదు గదా. నిలబడి ఉండబట్టే గదా మళ్ళా వచ్చినాడు" అన్నది.

డాక్టరమ్మ మూసుకున్న తలుపుల గురించి చెప్పినదేదీ అమ్మకు నేను చెప్పలేదు.

ఆ తరవాత 'ఇవాళ' అనే వాక్యాలు మారుతూ వచ్చాయి. మార్చి మొదటి వారంలో పెదవులు ఆడడం ఆగింది. రెండో వారంలో చూపు నిలిచింది. వాళ్ళమ్మ గదిలో ఎటు నడిస్తే కళ్ళు అటు తిరిగేవి. ముక్కులో గొట్టం తీశారు. చెంచాతో గంజి మింగింది. మార్చి మూడోవారంలో వార్డు నుంచి పంపారు. కాని ఇంటికి కాదు, లాడ్జీకి. అక్కడి నుంచి రోజూ మళ్ళీ నడక, కూర్చోవడం, చేతిలో వస్తువు పట్టుకోవడం నేర్పే చోటికి తీసుకుపోవాలి.

ఈ రకం వైద్యాన్ని వేలూరులో నిలబెట్టిన డాక్టర్ మేరీ వర్గీసు గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. 1954లో కారు ప్రమాదంలో ఆమె నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. చక్రాల కుర్చీలో కూర్చుని కుష్ఠురోగుల చేతులకు శస్త్రం చేసింది. పెద్దచదువుకు అమెరికా వెళ్ళివచ్చి, కాళ్ళూ చేతులూ పోయినవాళ్ళకు మళ్ళీ బతకడం నేర్పే విభాగం నడిపింది. దాని సొంత ఆసుపత్రి 1966లో వచ్చింది. తన కాళ్ళు రానివాళ్ళు ఎదుటివాళ్ళను నడిపించడం పుస్తకాల్లో చదివితే కథ అనిపిస్తుంది. బాగాయంలో ఆ సంస్థ ఆవరణలో నిలబడితే అలా అనిపించదు.

మా పాపను రెండు కమ్ముల మధ్య నిలబెట్టేవాళ్ళు. మొదటిరోజు ఒక్క అడుగు. అది కూడా పక్కకు. నేర్పే అమ్మాయి చప్పట్లు కొట్టింది. పక్క కమ్ముల మధ్య నిలబడిన ముసలాయన కూడా, తన కమ్మి ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో తొడ మీద కొట్టి మెచ్చుకున్నాడు.

మార్చి 29 ఉగాది. హేవిళంబి నామ సంవత్సరం. అమ్మ కొత్త చింతపండూ బెల్లమూ కడప నుంచి తెప్పించింది. లాడ్జీ వెనక వేపచెట్టు పూత నిండుగా ఉన్నది. గుమాస్తా నిచ్చెన వేసి కోసి ఇచ్చాడు. అద్దె గిన్నెలో పచ్చడి కలిపి, మెట్ల మీద అందరికీ ఆకుల్లో పెట్టాము. బర్దవాను ఆయన నాలిక మీద వేసుకుని మొహం చిట్లించి, మర్యాదకు బాగుందన్నాడు. మా ఆవిడ వేలితో ఒక్క చుక్క పాప నాలికకు రాసింది. పిల్ల మొహం ముడుచుకుంది. పెదవులు కదిలాయి. రెండు నెలల తరవాత మొదటి మాట వచ్చింది.

"చేదు."

గొంతు మారిపోయి ఉన్నది, లోతుగా, ముసలివాళ్ళ గొంతులాగా. వాళ్ళమ్మ ఏడవలేదు. ఇంకొక చుక్క రాసి, "మళ్ళా చెప్పు" అన్నది. "చేదు" అన్నది పిల్ల, కోపంగా. అమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. సాయంత్రం మెట్ల మీద అందరూ అడిగారు, "ఇవాళ ఏమిటి?" అని. చెప్పవలసిన పని లేకపోయింది. అప్పటికే వీధి చివర వరకూ తెలిసిపోయింది.

ఏప్రిల్ నడిమికి వేలూరు ఎండలు ఊళ్ళో ఉన్నవాళ్ళను ఉండనివ్వవు. తమిళుల సంవత్సరాది నాడు, ఏప్రిల్ 14న మేము బయలుదేరాము. పిల్ల నా చెయ్యి పట్టుకుని లాడ్జీ మెట్లు తానే దిగింది. బర్దవాను ఆయన కొడుకు అప్పటికింకా వార్డులోనే ఉన్నాడు. ఆయన మా సంచి ఆటోలో పెట్టి, కాగితాలు లెక్కచూసి, నా చేతికిచ్చాడు. నేను ఆయనను, "ఎప్పుడు వెళతారు?" అని అడగలేదు. "ఇవాళ ఏమిటి?" అన్నాను. "ఇవాళ కళ్ళు తెరిచాడు" అన్నాడు.

ఇంటికి వచ్చాక కథ అయిపోలేదు. మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. అక్షరాలు మళ్ళీ ఓనమాల నుంచి దిద్దవలసివచ్చింది. నిద్ర, కోపం, భయం చివరికి కుదుటపడ్డాయి. ముందు పోయినవి అవే గదా. ఒక ఏడాది చదువు పోయింది. ఇప్పుడు పెద్దపిల్ల. హైస్కూలు చదువు పైమెట్ల మీద ఉన్నది. లెక్కలు కాస్త నిదానం. నలుగురు ఒకేసారి మాట్లాడితే అలసిపోతుంది. వేలూరు మాత్రం ఏమీ గుర్తులేదు. ఆ ఎనభై రోజులూ మా దగ్గరే ఉన్నాయి. ఈ జబ్బు నూటికి పన్నెండు మందికి రెండేళ్ళ లోపల తిరగబెడుతుందని చదివినవాణ్ణి గనక, ఆ రెండేళ్ళూ పిల్ల ఒళ్ళు వెచ్చబడితే నా ఒళ్ళు చల్లబడేది. ఇప్పటికీ పడుతుంది. అప్పుడు మా ఆవిడ నా మొహం చూసి, "ఇవాళ జలుబు, అంతే" అంటుంది.

చదువరులకు ఒక్కమాట. బాగున్న పిల్ల ఉన్నట్టుండి నిద్ర మానేసి, మనుషులను పోల్చుకోలేక, మాట తడబడి, ఒంట్లో ఏ భాగమో దానంతటదే ఆడుతుంటే, తాయెత్తు కట్టేవాళ్ళు కట్టండి. ఆ చేతితోనే పిల్లను ఎత్తుకుని మెదడు వైద్యం ఉన్న ఆసుపత్రికి అదేరోజు బయలుదేరండి. వెన్నునీటి పరీక్ష అంటే బెదరకండి. దూరపు మెదడువాపుల్లో కొన్నింటికి టీకా ఉన్నది, కొన్నింటికి మందు ఉన్నది, కొన్నింటికి కాలమే మందు. ఏదో తేలేవరకూ ఒక్కరోజు కూడా చేజారనివ్వకూడదు.

మొన్నామధ్య మా కళాశాలలో ఒక సహోద్యోగి అన్నకొడుకును వేలూరు తీసుకుపోయారు. అందరూ ఫోన్లు చేస్తున్నారు. రాత్రి నేను కూడా చేశాను. అటు నుంచి అలసిపోయిన గొంతు, "ఇంకా ఏమీ చెప్పలేదు సార్" అని మొదలుపెట్టింది, నేను అడగబోయే ప్రశ్న తెలిసినట్టు.

"అది కాదు నాయనా. ఇవాళ ఏమిటి?" అన్నాను.

కాసేపు నిశ్శబ్దం. తరవాత, "ఇవాళ గుక్కెడు నీళ్ళు మింగినాడు సార్" అన్నాడు.